పెద్దాయనకి ఐస్ బాక్స్

మే నెల మూడో ఆదివారం, తెల్లవారి ఐదుంబావుకి, నరసరావుపేటలోని తన ఇంట్లో చక్రధర్ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, బాగుందనుకున్నాడు. కాగితానికి లామినేషన్ కూడా చేయించాడు. పైన పెద్దక్షరాలతో ‘కుందేళ్ళు ఉన్న ఇంటికి అత్యవసర ప్రణాళిక’ అని ఉంది. కింద పదిహేడు అంశాలు, ప్రతి అంశం ఎదురుగా టిక్కు పెట్టడానికి ఓ చిన్న గడి. గడులన్నిటిలోనూ అప్పటికే టిక్కులు పడ్డాయి. అంశాల్లో చెప్పిన పనులే ఇంకా జరగలేదు.

ఇక్కడే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ కథలో తెలివితక్కువవాడు ఒక్కడే, వాడి పేరు చక్రధర్. కథ చెబుతున్నది కూడా వాడే. ‘నేను’ అని చెప్పుకోవడానికి మొహం చెల్లక మొత్తం వ్యవహారాన్ని ‘ఆయన’ మీదికి నెట్టేస్తున్నాడు. పాఠకులు పెద్ద మనసు చేసుకుని ఆ కాస్త చాటు ఇవ్వాలి.

ఆయన ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఆఫీసు సూపరింటెండెంటు. అక్కడ అగ్నిప్రమాద నివారణ ఫైలు ఆయన చేతిలోనే ఉంటుంది. వరండాలో వేలాడే ఎర్ర సిలిండరుకి గడువు తీరి నాలుగేళ్ళయింది కానీ ఫైలుకి మాత్రం ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు. కాగితం సరిగ్గా ఉంటే ప్రమాదం మొహమాటపడి వెనక్కి పోతుందని ఆయన గట్టి నమ్మకం. యాభైరెండేళ్ళుగా ప్రమాదాలు కూడా ఆయన నమ్మకాన్ని గౌరవిస్తూనే వచ్చాయి. ఒక్క చేపల విషయంలో తప్ప.

చేపల సంగతి ఇది. మూడేళ్ళ క్రితం కూతురు కన్యక గాజుతొట్టెలో నాలుగు బంగారు చేపల్ని పెంచుకునేది. ఒక వేసవి మధ్యాహ్నం, పాపం వాటికి కొత్త నీళ్ళు పోద్దామని ఆయన పంపు తిప్పి బకెట్టు పట్టి తొట్టెలో పోశాడు. మేడ మీద ట్యాంకులో పొద్దుటి నుంచీ కాగిన నీళ్ళవి. మన వైపు మే నెలలో ఆ నీళ్ళతో కాఫీ కలుపుకోవచ్చు. తరతరాలుగా కోడిగుడ్డు కూడా ముట్టని వైశ్యుల ఇంట్లో ఆ రోజు నాలుగు చేపలు ఉడికిపోయాయి. కన్యక మూడు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత ఏ ప్రాణి బాధ్యతా నాన్నకి అప్పజెప్పలేదు.

ఇప్పుడింట్లో రెండు తెల్ల కుందేళ్ళున్నాయి. మార్చిలో కన్యక తన గుంటూరు స్నేహితురాలు వందన దగ్గర తెచ్చుకుంది. పెద్దది తిన్నాక గంటసేపు ఎవరివైపూ చూడకుండా, దవడలు పక్కకి తిప్పుతూ నింపాదిగా నములుతూ కూర్చుంటుంది. మాచర్లలో ఉండే చక్రధర్ నాన్న శేషగిరిరావు గారు భోజనం చేసి వక్కపొడి నోట్లో వేసుకుని కూర్చునే పద్ధతి అచ్చం అదే. అందుకని కన్యక దానికి ‘పెద్దాయన’ అని పేరు పెట్టింది. చిన్నది దానంతటదే ‘చిన్నాయన’ అయింది. ఈ పేర్ల సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. శేషగిరిరావు గారికి తెలియకూడదని ముగ్గురూ ఒట్టేసుకున్నారు.

ఆ రోజు కన్యకకి విజయవాడలో పీజీ ప్రవేశ పరీక్ష. తోడుగా తల్లి కోటేశ్వరి వెళుతోంది. సీటొస్తే జూలైలో హాస్టలుకి పోవాలి. అప్పుడు కుందేళ్ళని ఎక్కడ ఉంచాలన్నది ఇంట్లో నెల రోజులుగా నలుగుతున్న ప్రశ్న. వందన తిరిగి తీసుకుంటానంది. ఆయనకేమో అవి కావాలి. పొద్దున పేపరు చదువుతుంటే పెద్దాయన వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించి కూర్చుంటాడు. ఇంట్లో ఆయన మీద అంత నమ్మకం పెట్టుకున్న జీవి ఇంకొకటి లేదు. అది పోతుందంటే ఆయనకి నిజంగానే దిగులేసింది.

“ఈ ఒక్కరోజు చూస్తా నాన్నా,” అంది కన్యక చెప్పులేసుకుంటూ. “సాయంత్రం నేనొచ్చేసరికి రెండూ బాగుంటే నీ దగ్గరే ఉంచుతా. లేకపోతే వందన తీసుకెళ్ళిపోద్ది. మళ్ళీ ఏడవకూడదు.”

“ప్లాన్ చూశావా? పదిహేడు పాయింట్లు.”

“చూశా. చేపలప్పుడు ఎన్ని పాయింట్లు?”

కోటేశ్వరి బ్యాగంతా వెతుకుతోంది. “ఏవండీ, నా ఫోన్ ఛార్జర్ చూశారా? పాపది కూడా కనబట్టంలా. రాత్రి నుంచీ వెతకతన్నా.”

“కంగారులో ఎక్కడో పెట్టుంటావు. బస్సు టైమైంది, పదండి,” అన్నాడు ఆయన. ఇంట్లో ఉన్న ఛార్జర్లన్నీ, ఉన్న ఒక్క పవర్ బ్యాంకుతో సహా, అంశం సంఖ్య మూడు ప్రకారం ‘అత్యవసర సంచి’లో భద్రంగా ఉన్నాయి. ఆ సంచి బీరువాలో ఉంది. ఆ మాట ఆయనకి గుర్తులేదు.

పది గంటలకే ఎండ ఫెళ్ళున కాసింది. పదిన్నరకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మని శబ్దం వచ్చి కరెంటు పోయింది. ఆయన కంగారుపడలేదు. ఇన్వర్టర్ ఉంది. అంశం ఐదు, ‘ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూడవలెను’, టిక్కు ఉంది. ఇన్వర్టర్ మాత్రం రెండు నిమిషాలు కీచుమని ఆగిపోయింది. మూత తీసి చూస్తే బ్యాటరీలో నీళ్ళు లేవు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలుండాలి, అంశం ఆరు. సీసాలున్నాయి కానీ వాటిలో నీళ్ళు పోయలేదు. టిక్కులు పెట్టేటప్పుడు ఆయన మనసులో ‘చేసేద్దాంలే’ అనుకున్నాడు. ఆయన లెక్కలో అనుకుంటే అయిపోయినట్టే.

పదకొండుకి పెద్దాయన గూట్లో పక్కకి ఒరిగాడు. నోరు తెరిచి ఎగరొప్పుతున్నాడు, చెవులు ముట్టుకుంటే కాలుతున్నాయి. పొద్దున వేసిన కొత్తిమీర కట్ట వాడిపోయి అక్కడే ఉంది. చిన్నాయన పక్కన చేరి పెద్దాయన నుదురు నాకుతున్నాడు. చక్రధర్ రెండింటినీ ఎత్తుకెళ్ళి స్నానాలగదిలో చల్లటి బండల మీద, తడిపిన గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. “నాయనా, నాయనా, కాసేపు ఓర్చుకో. చచ్చి నీ కడుపున పుడతా,” అని బతిమాలుతూ యేసుపాదానికి ఫోన్ చేశాడు. యేసుపాదం రెంటచింతల మనిషి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో పిల్లులకీ కుక్కలకీ ఏమొచ్చినా ఆయనే దిక్కు.

“గుళ్ళో ఉన్నా సార్, ప్రార్థన నడస్తంది,” అన్నాడు యేసుపాదం గుసగుసగా. “వడదెబ్బే అది. చెవులకి తడిగుడ్డ చుట్టండి. నీళ్ళు మీద గుమ్మరించబాకండి. ఐస్ బాక్స్ ఎక్కడన్నా దొరికిద్దేమో చూడండి, దాని పక్కన పడుకోబెట్టొచ్చు. ప్రార్థనవంగానే వస్తా.”

టీకా మందులు పెట్టుకునే చిన్న థర్మకోల్ డబ్బా యేసుపాదం ఉద్దేశం. చక్రధర్ ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తి ప్రణాళిక చూశాడు. అంశం ఎనిమిది: ‘ఆపదలో తెలిసినవారందరికీ ఒకేసారి, క్లుప్తంగా సమాచారం ఇవ్వవలెను.’ వెంటనే వీధి వాట్సాప్ గ్రూపులోనూ, అరవైనాలుగు మంది చుట్టాలున్న కుటుంబం గ్రూపులోనూ ఇలా పెట్టాడు:

‘అర్జెంట్. పెద్దాయనకి వడదెబ్బ. కదలడం లేదు. ఐస్ బాక్స్ కావాలి. ఎవరి ఎరుకలో ఉన్నా వెంటనే మా ఇంటికి పంపగలరు. చక్రధర్.’

క్లుప్తంగా కుదిరిందని తనని తాను మెచ్చుకుని, అంశం తొమ్మిది ప్రకారం ఛార్జింగ్ కాపాడటానికి ఫోన్ ఆపేశాడు.

మన ప్రాంతంలో ఐస్ బాక్స్ అంటే ఏమిటో పల్నాడులో పుట్టిన చంటిపిల్లకి కూడా తెలుసు. మనిషి పోయాక, దూరంగా ఉన్నవాళ్ళు కడసారి చూపుకి వచ్చేదాకా పడుకోబెట్టే ఆరడుగుల గాజుపెట్టె. చక్రధర్‌కీ తెలుసు. ఆ క్షణంలో తట్టలేదు, అంతే. ఆయన తర్వాత తీరిగ్గా చదువుకున్నదాని ప్రకారం, నాలుగో నిమిషంలో పిడుగురాళ్ళ బాబాయి ‘అయ్యో, ఎప్పుడు?’ అని అడిగాడు. ఆరో నిమిషానికి ‘ఓం శాంతి’లు మొదలయ్యాయి. తొమ్మిదో నిమిషంలో ఎవరో మేనల్లుడు శేషగిరిరావు గారి ఫోటోకి దండా, దీపమూ, రెండు పావురాలూ చేర్చి అందరికీ పంపాడు.

పన్నెండుంబావుకి ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. షామియానా సప్లయర్స్ నడిపే ముర్తుజా దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పిడుగురాళ్ళ నుంచి ఫోనొచ్చింది సార్. ఐస్ బాక్స్ తెచ్చా. ఈ వీధిలో కరెంటు లేదని తెలిసి జనరేటర్ కూడా ఏసుకొచ్చా.”

బతికించావు ముర్తుజా అనుకుంటూ చక్రధర్ ఆటోలోకి తొంగి చూశాడు. గాజుపెట్టె ధగధగ మెరుస్తోంది.

“ఇంత పెద్దదెందుకయ్యా? చిన్నదేం లేదా?”

“చిన్నదంటే...” ముర్తుజా తడబడ్డాడు. “పెద్దాయన ఎత్తెంత సార్?”

“కాళ్ళు చాపితే అడుగున్నర.”

ముర్తుజా ఆయన మొహంలోకి జాలిగా చూశాడు. “బరువు?”

“మొన్న కాటా వేస్తే రెండున్నర కిలోలున్నాడు. ఎండకి ఇంకా తగ్గుంటాడు.”

“సార్, మీరు ముందిట్టా కూర్చోండి,” అన్నాడు ముర్తుజా, ఆయన భుజం పట్టి అరుగు మీద కూర్చోబెడుతూ. “మంచినీళ్ళు తాగండి. మా నాయన పోయినప్పుడు నేనూ ఇట్టానే ఏందేందో మాట్టాడా. మీరేం పట్టించుకోబాకండి, అంతా నేను చూసుకుంటా.”

అతను అన్నంత పనీ చేశాడు. అరగంటలో వీధికి అడ్డంగా షామియానా లేచింది. కింద ఎనభై కుర్చీలు, నాలుగు మంచినీళ్ళ క్యాన్లు, మంచుగడ్డల డ్రమ్ము, పెళ్ళిళ్ళలో పెట్టే రెండు పెద్ద కూలర్లు వచ్చాయి. జనరేటర్ డబడబ మొదలైంది. చక్రధర్‌కి ఇదంతా ఎందుకో అర్థం కాలేదు. కుందేలుకి బాగాలేదంటే ఊరు ఇంతగా కదులుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ‘క్లుప్తంగా రాస్తే ఉండే బలం ఇది’ అనుకున్నాడు. ఆ మాట ఆయన నిజంగానే అనుకున్నాడు, దాచి లాభం లేదు.

ఒంటి గంటకి సుబ్బరత్నం పిన్ని వచ్చింది. చక్రధర్ తల్లికి చెల్లెలు, అదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా గడప దాటని మనిషి, ఇద్దరు పట్టుకుంటే ఆటో దిగి, దిగుతూనే శోకం అందుకుంది.

“ఒరేయ్ చక్రీ! ఎంత పని జరిగిందిరా! బావ ఎప్పుడొచ్చాడ్రా మాచర్ల నుంచి? పొద్దున బానే ఉన్నాడా?”

ఏడుపులో ‘బావ’ అన్న ముక్క చక్రధర్ చెవిన పడలేదు. “పొద్దున భేషుగ్గా ఉన్నాడు పిన్నీ. గడ్డి తిన్నాడు.”

“గడ్డా?”

“ఇంత గడ్డి తిన్నాడు. కొత్తిమీర వేస్తే ముట్టలా. అప్పుడే అనుమానం వచ్చింది నాకు.”

సుబ్బరత్నం పిన్ని ఏడుపు ఆగిపోయింది. “పెద్ద ప్రాణానికి గడ్డి పెట్టావురా?”

“మరేం పెడతాం పిన్నీ? మనం తినేది పెడితే కడుపు ఉబ్బరిస్తది. పదకొండింటికి పక్కకి ఒరిగాడు. బాత్‌రూములో గోనెపట్టా మీద పడుకోబెట్టా.”

“ఎక్కడా?”

“బాత్‌రూములో. చిన్నాయన పక్కనే ఉండి నాకుతా ఉన్నాడు.”

షామియానా కింద అప్పటికి ముప్పైమంది దాకా చేరారు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుబ్బరత్నం పిన్ని పళ్ళు కొరుకుతూ, చక్రధర్ రెక్క పట్టుకుని, మోకాళ్ళ నొప్పి మాట మరిచిపోయి గబగబా లోపలికి నడిచింది. “ఏదీ, చూపించు మా బావని!” అని స్నానాలగది తలుపు తోసింది.

గోనెపట్టా మీద రెండు తెల్ల కుందేళ్ళు. ఒకటి పడుకుని ఉంది. రెండోది తలెత్తి పిన్ని వంక చూసింది.

పిన్ని గోడలు చూసింది, కుళాయి వెనక చూసింది, చివరికి చక్రధర్ వైపు తిరిగింది. “బావ ఏడిరా?”

“ఏ బావ? నాన్న మాచర్లలో ఉన్నాడు పిన్నీ. కొట్లో ఉంటాడు ఈ టయానికి.”

“మరి పెద్దాయన?”

“ఇడుగో,” అన్నాడు చక్రధర్ కుందేలు వంక చూపిస్తూ. ఆ చూపించిన వేలు గాలిలోనే ఆగిపోయింది. పెద్దాయన, వడదెబ్బ, కదలడం లేదు, ఐస్ బాక్స్. గాజుపెట్టె, షామియానా, పిన్ని శోకం, ముర్తుజా జాలి. అన్నీ వరసగా వచ్చి ఒక్కసారే ఆయన బుర్రలో కూర్చున్నాయి. ఆయన కూడా గోనెపట్టా మీద కూలబడ్డాడు.

“ఓరి నీ అఘాయిత్యం కూలా!” అంది పిన్ని. “మా బావ నూరేళ్ళు బతకాలి. నిన్ను మాత్రం ఇప్పుడే ఆ పెట్టెలో పెట్టాలి నేను.”

“బయటికెళ్ళి చెప్పేస్తా పిన్నీ.”

“ఏమని? కుందేలుకి దండలేయమనా? సత్తెనపల్లి నుంచి, వినుకొండ నుంచి వత్తన్నారు ఎండనబడి. కొడతారు. యేసుపాదమో ఎవడో వచ్చిందాకా నోరు మూసుకుని దీని సంగతి చూడు.” పిన్ని చీర చెంగు దోపింది. తర్వాత వరండాలోకి వెళ్ళి, “ముర్తుజా, ఒక కూలర్ లోపలికి పెట్టు, బాత్‌రూము ఎదురుగా! నాలుగు మంచుగడ్డలు కూడా తీసుకురా. ఏందని అడగబాక!” అని కేకేసింది.

కాసేపటికి యేసుపాదం వచ్చాడు, చంకలో అరచేతంత థర్మకోల్ డబ్బా పెట్టుకుని. బయట పటాలం చూసి జడుసుకుని పెరటి దారిన లోపలికి దూరాడు. కుందేలు చెవులు పట్టి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు.

“ఒళ్ళు చల్లబడింది సార్. కూలర్ రావటం చానా మంచిదయింది, ఇంకో అరగంటయితే దక్కేది కాదు. కాకపోతే ఇది తినాలి. కుందేలుకి కడుపు ఆగిందంటే చానా కష్టం. సాయంత్రంలోపు ఏదో ఒకటి నమిలిందా, గండం గడిచినట్టు.”

చక్రధర్ గడ్డి పెట్టాడు, తోటకూర పెట్టాడు, క్యారెట్టు తురిమి పెట్టాడు. పెద్దాయన మూతి తిప్పుకున్నాడు. సాయంత్రం వచ్చే కన్యక మొహం గుర్తొచ్చి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కన్యక సంగతి అటుంచితే, పేపరు చదివేటప్పుడు పాదం మీద ఆ వెచ్చని బరువు ఇక ఉండదేమోనన్న దిగులే ఎక్కువైంది. బయట పిడుగురాళ్ళ బాబాయి, “ఎంతసేపురా అబ్బాయ్? పెద్దాయన్ని బయటికి తీసుకురండి, జనం చూడాల!” అని మూడుసార్లు అరిచాడు. ఫోన్ చేసి నాన్నకి చెబుదామని చక్రధర్ మూడుసార్లు ప్రయత్నించాడు. మాచర్ల కొట్లో ఆ బటన్ల ఫోను ఎప్పటిలాగే ఎవరూ ఎత్తలేదు. కోటేశ్వరిదీ, కన్యకదీ స్విచాఫ్.

మూడున్నరకి వీధి మొదట్లో ఆటో ఆగింది. తెల్ల పంచె, చేతిలో పెద్ద చామంతి దండ, డెబ్బైతొమ్మిదేళ్ళ శేషగిరిరావు గారు దిగారు.

జరిగింది ఏమంటే, మాచర్లలో పక్క కొట్టాయన వచ్చి, “మీ చక్రధర్ ఇంట్లో పెద్దాయన పోయాడంట, ఐస్ బాక్స్ కూడా పెట్టిచ్చారంట,” అని చెప్పాడు. శేషగిరిరావు గారు కుర్చీలో బతికే కూర్చుని ఉన్నారు కాబట్టి, పోయింది తన వియ్యంకుడు, కోటేశ్వరి తండ్రి అయి ఉంటాడని తేల్చుకున్నారు. కొడుకు ఫోన్ స్విచాఫ్. కొట్టు కట్టేసి, దండ కొనుక్కుని, బస్సెక్కారు.

షామియానా కిందికి ఆయన రాగానే ఎనభై కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. ఎవరో ‘అమ్మో’ అన్నారు. పిడుగురాళ్ళ బాబాయి నోట్లో నీళ్ళు ముందువాళ్ళ మీద పడ్డాయి. ముర్తుజా ఆయన ఎత్తు చూశాడు. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. పెట్టె సైజు సరైనదేనని అతనికి నమ్మకం కుదిరింది.

“ఏందిరా, అట్టా చూస్తారు దెయ్యాన్ని చూసినట్టు?” అన్నారు శేషగిరిరావు గారు. ఖాళీ గాజుపెట్టె చూశారు. “వియ్యంకుడు ఏడి?”

ఇక దాచేది లేదు. చక్రధర్ వచ్చి తండ్రి ముందు నిలబడి, అందరూ వింటుండగా, అంశం ఒకటి నుంచి అంతా చెప్పాడు. కొందరు తల కొట్టుకున్నారు, కొందరు నవ్వాపుకోలేక షామియానా గుంజలు పట్టుకున్నారు. శేషగిరిరావు గారు మాత్రం కదల్లేదు.

“దానికి నా పేరెందుకు పెట్టారు?”

“తిన్నాక నీలాగే నములుతాడు నాన్నా.”

పెద్దాయన కొడుకుని పైనుంచి కింది దాకా చూశారు. పెట్టె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. “ఇంతమందిని ఎండలో కూర్చోబెట్టిన మొనగాడు ఎవడో నేనూ చూడాల. తీసుకురా.”

చక్రధర్ కుందేల్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు. కూలర్లు రెండిటినీ నీళ్ళు పోయటానికి తీసుకెళ్ళారు కాబట్టి, చల్లగా ఉన్నది అప్పుడు ఆ గాజుపెట్టె ఒక్కటే. “మూత తెరిచే ఉంచండి, పది నిమిషాలు చాలు,” అన్నాడు యేసుపాదం. ఆరడుగుల పెట్టెలో, మడతపెట్టిన తువ్వాలు మీద, అడుగున్నర పెద్దాయన పడుకున్నాడు. పెట్టె అంచు మీద గడ్డం ఆనించి అసలు పెద్దాయన చూస్తున్నారు. అలవాటుగా జేబులోంచి వక్కపొడి తీసి నోట్లో వేసుకుని, దవడ పక్కకి తిప్పి నమలసాగారు.

కుందేలు ముక్కు కదిలింది. మెడ సాచింది. పెట్టె అంచు మీదికి జారిన దండలోంచి ఒక చామంతి రేక పీకి నోట్లో పెట్టుకుంది. దవడ పక్కకి తిప్పింది. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోకుండా, ఒకే తాళంలో, నింపాదిగా నమిలారు.

“తిన్నాడు!” అని అరిచాడు యేసుపాదం. “తిన్నాడ్రోయ్!” అని షామియానా మొత్తం అందుకుంది. చక్రధర్ పెట్టె వెనకాల నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే కన్యక, కోటేశ్వరి వీధి మలుపు తిరిగారు. పొద్దుటి నుంచీ చచ్చిపోయిన ఫోన్లు, చేతిలో పరీక్ష ఫైలు. ఎదురుగా తమ ఇంటి ముందు షామియానా, చుట్టాలు, మధ్యలో గాజుపెట్టె. తాతయ్య పెట్టె పక్కనే కూర్చుని ఉన్నాడు. సుబ్బరత్నం నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. అందరూ ఉన్నారు, ఒక్కరు తప్ప. కోటేశ్వరి నడిరోడ్డు మీద కూలబడింది. కన్యక ఫైలు విసిరేసి, కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

“నాన్నా! నాన్నా!”

ఆ కేక విని చక్రధర్ పెట్టె వెనక నుంచి లేచాడు. చొక్కా నిండా కుందేలు బొచ్చు, జేబులో తోటకూర కాడలు.

“తిన్నాడమ్మా!” అన్నాడు గబగబా. “పెద్దాయన తిన్నాడు. వడదెబ్బ తగిలింది కానీ ఇప్పుడు తిన్నాడు. తప్పు నాదేలే, వందన తీసుకెళ్ళినా నేనేమనను...”

ఆమె పెట్టెలోకి చూడనే లేదు. వచ్చి ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని గుండెల మీద దబదబా కొట్టింది. “నీ పెద్దాయన్ని తగలెయ్య! నువ్వు... నువ్వు పోయావనుకున్నా నాన్నా!” అని వెక్కుతూ నా భుజం మీద తల పెట్టింది. ఆ ఒక్క ముక్క దగ్గర ‘ఆయన భుజం’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల నా కోసం అలా ఏడవగలదని నాకు తెలియదు. నా మీద నమ్మకం లేకపోవడం వేరు, నేను లేకపోవడం వేరని ఆ షామియానా కింద నాకు తెలిసింది.

మళ్ళీ చక్రధర్ దగ్గరికి వద్దాం. సాయంత్రానికి చుట్టాలంతా తిట్టాల్సినవి తిట్టి, ముర్తుజా తెప్పించిన టీ తాగి వెళ్ళిపోయారు. శేషగిరిరావు గారు మిగిలిన దండని కుందేలు గూట్లో వేసి, “పేరు మార్చబాకండి. నా పేరు పెట్టుకున్నందుకు సరిగ్గా చూసుకోండి,” అని మనవరాలికి చెప్పి చివరి బస్సెక్కారు. కన్యక మాత్రం ఫ్రిజ్ ముందు నిలబడి లామినేషన్ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. నీడ, మంచు, చల్లగాలి, కరెంటు, నీళ్ళు, వైద్యుడు, మనిషి సాయం. నాన్న టిక్కు పెట్టి తేనివన్నీ, ఆ రోజు తప్పుడు కబురు మీద వాటంతటవే ఇంటి ముందుకొచ్చాయి.

కాగితం పీకేసి, నోటుబుక్కులోంచి ఒక పేజీ చించి, పెన్నుతో రెండు లైన్లు రాసి అదే చోట అంటించింది. పెద్దాయన, చిన్నాయన జూలై తర్వాత కూడా ఈ ఇంట్లోనే ఉంటారని ఆ కాగితం చూశాకే చక్రధర్‌కి తెలిసింది. లామినేషన్ లేకపోయినా అది ఇప్పటికీ అక్కడే ఉంది.

‘ఒకటి: కుందేళ్ళకి ఏమైనా అయితే ముర్తుజా అంకుల్‌కి ఫోన్ చేయాలి. రెండు: ఆ ఫోన్ నాన్న చేయకూడదు.’